గాలి చొరని గూడు

ఇంటి వసారా నుంచి,
మార్చి 4.

బావకి,

తొమ్మిదేళ్ళ తర్వాత రాస్తున్నాను. క్షేమసమాచారాలతో మొదలుపెడితే నాలుగు కాగితాలు పడతాయి. అందరం బతికే ఉన్నాం, దానితో సరిపెట్టుకో.

అసలు సంగతికొస్తాను. మీ చెల్లెలు మళ్ళీ కోళ్ళు పెంచుతానంటోంది. మోకాళ్ళ నొప్పులతో బజారుకి వెళ్ళడం మానేసింది. పొద్దస్తమానం ఈ వసారాలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళని లెక్కపెడుతోంది. ముప్పై ఏళ్ళు బస్సులో తలలు లెక్కపెట్టినవాణ్ణి, అదెంత విసుగు పనో నాకు తెలుసు. ఎనిమిది పెట్టలు చాలంటోంది. పెరట్లో గోడ వారగా ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటు ఉంది. కుక్కలున్నాయి, పిల్లులున్నాయి, ఎలుకలైతే మాకంటే ముందే వచ్చి కాపురం పెట్టాయి.

నాకు మేకు కొట్టడం రాదని నీకు తెలుసు. ఓ గూడు గీసి పంపు. కొట్టడానికి ఇక్కడ ఎవరినో ఒకరిని చూసుకుంటాను. గాలి బాగా ఆడేలా గియ్యి.

నీకు రాసినట్టు ఆవిడకి తెలీదు. తెలిస్తే ఆ పూట నాకు పస్తే. జవాబు బస్సు డిపో చిరునామాకి రాయి, అక్కడి టైమ్ కీపర్ నా మనిషే.

నీ బావ,
కండక్టర్

*

షెడ్డు నుంచి, రంపపు పొట్టు దులుపుకుని,
మార్చి 12.

కండక్టర్ బావకి,

ఈ వయసులో పెళ్ళానికి తెలియకుండా ఉత్తరాలు నడుపుతున్నావన్నమాట. అదీ ఎవరితో? పెళ్ళాం అన్నతో. నీ సరసం ఎప్పుడూ ఇంతే బావా, పెద్ద ఏర్పాటు, చిన్న పని.

గూడు గీసి పంపమన్నావు. సంతోషం. ఏ కలపైతే పొయ్యిలో బాగా మండుతుందో అది కూడా రాసి పంపమంటావా?

మర్చిపోయి ఉంటావేమో, గుర్తు చేస్తాను. ఆ మొదటి గూడు నేను పదహారు రోజులు చేశాను. ఒక డాక్టరు గారి భార్య అల్మారా కోసం రోజూ మనిషిని పంపుతుంటే, చెక్క ఇంకా ఆరలేదమ్మా అని అబద్ధమాడి చేశాను. ఆ డాక్టరు గారు మంచివాడు, పాపం. ఆయన చీటీ మీద రాసింది మందుల షాపు వాడికి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. నేను బడికి వెళ్ళింది మూడేళ్ళు, మిగతా చదువంతా సామాన్లు చుట్టొచ్చిన కాగితాల మీదే. అయినా నా అక్షరం నీకు తెలుస్తోంది కదా? ఇంతకీ ఎక్కడున్నాను? గూడు.

నా పని పరీక్షించే పద్ధతి నీకు తెలుసు. ఏ అల్మారా చేసినా లోపల టార్చి వెలిగించి పెట్టి, తలుపు మూసి, షెడ్డు కిటికీలకి గోనెలు కట్టి, చుట్టూ తిరిగి చూస్తాను. ఎక్కడైనా సన్నని వెలుగు గీత కనబడిందంటే అతుకు ఊడదీసి మళ్ళీ చిత్రిక పట్టాల్సిందే. గూడుకీ అదే పరీక్ష పెట్టాను. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని చుట్టూ తిప్పాను. ఒక్క గీత చూపించమన్నాను. ఎక్కడా లేదు. "ఇది కోళ్ళకా అన్నయ్యా, నేను ఉండిపోతాను దీన్లో" అంది. ఆ మాట అన్న మనిషే ఎనిమిది నెలలు తిరక్కుండా దాన్ని గొడ్డలితో కొట్టించి నీళ్ళ పొయ్యి పక్కన పేర్చింది. చూడ్డానికి వచ్చినవాణ్ణి, నేను వార్నిష్ పూసిన తలుపు ముక్క పొయ్యిలోంచి సగం బయటికి పొడుచుకుని ఉంటే చూశాను. "ఏమిటే ఇది?" అంటే "నేనే కొట్టించాను" అంది. అంతే. మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చాను.

సరే. నాకు సిగ్గు లేదు కాబట్టి గీశాను. అట్ట మీద ఉంది, మడవకు. వివరం ఇది. గూడు నేల మీద పెట్టకు, అడుగున్నర ఎత్తు కాళ్ళ మీద నిలబెట్టు. ఒక్కో కాలికీ రేకు గరాటా బోర్లించి తొడుగు, ఎలుక జారి కింద పడి సిగ్గుపడుతుంది. రాత్రి కోళ్ళు కూర్చునే కర్ర గుండ్రంగా వద్దు. రెండంగుళాల వెడల్పు, పైన చదును, అంచులు మాత్రం నున్నగా తీయించు. కోడి పాదం చాచి కూర్చుంటేనే దాని పొట్ట ఈకలు వేళ్ళని కప్పుతాయి. గుడ్లు పెట్టే గదులు ఆ కర్ర కంటే కిందే ఉండాలి. పైన పెట్టావా, కోళ్ళు అక్కడికెక్కి పడుకుని గుడ్లన్నీ రెట్టపాలు చేస్తాయి. తలుపు గడియ ఎత్తి, ఆ తర్వాత పక్కకి జరిపితేనే తెరుచుకోవాలి. ఒక్క ఊపుతో వచ్చే గడియ పిల్లికి కూడా వస్తుంది.

గోడలకి చెక్కకి చెక్క గాడి తీసి కలపాలి, సందు ఉండకూడదు. గాలి సంగతి అడిగావు. తలుపు తీస్తే గాలే గాలి.

నీ బావ

*

వసారా నుంచి (ఆవిడ నిద్రపోతోంది),
ఏప్రిల్ 2.

బావకి,

అట్ట అందింది. టైమ్ కీపర్ దాని మీద టీ గ్లాసు పెట్టాడు, ఒక కాలు చెరిగిపోయింది. అయినా అర్థమైంది.

ఇక్కడ తలుపులు కిటికీలు చేసే మనిషి ఒకడు దొరికాడు. ముందు నువ్వు ఒక్కటి తేల్చు. గోడ పైభాగంలో, కప్పుకి కింద, చుట్టూ ఓ జానెడు సందు వదిలి దానికి ఇనుప జాలీ కొడితే ఎలా ఉంటుంది? అరంగుళం కళ్ళ జాలీ, గట్టిది. వాన లోపలికి కొట్టకుండా కప్పు ముందుకి చాపొచ్చు. గోడలు కూడా మరీ అంత బిగుతుగా అక్కర్లేదేమో అని నా ఉద్దేశం.

పొయ్యి సంగతి ఇప్పుడెందుకు బావా. నువ్వు చూసింది నువ్వు చూశావు. నాకూ రెండు మాటలు చెప్పాలని ఉంటుంది. మీ ఇద్దరి మధ్య నిలబడి ముప్పై ఎనిమిదేళ్ళుగా రెండు వైపులా టిక్కెట్లు కొడుతున్నాను, నా స్టాపు మాత్రం రావట్లేదు.

పక్క సందులో ఎవరివో కోళ్ళు ఉన్నాయి. అవి అరిచినప్పుడల్లా మీ చెల్లెలు చేస్తున్న పని ఆపి వింటుంది. నన్ను చూసి మళ్ళీ పని మొదలుపెడుతుంది.

సందు సంగతి రాయి.

నీ బావ,
కండక్టర్

*

షెడ్డు నుంచి,
ఏప్రిల్ 11.

బావా,

జానెడు సందా! చుట్టూనా! దాన్ని గూడు అనరయ్యా, బస్ షెల్టర్ అంటారు. నీ ఉద్యోగం నిన్ను ఇంకా వదలలేదు.

నేను యాభై ఏళ్ళుగా చెక్కతో బతుకుతున్నాను. నా చేతి అతుకులో బీడీ పొగ దూరదు. ఒకసారి ఒక బడి వాళ్ళు పుస్తకాల బీరువా చేయించుకుని, పై గదిలో నీళ్ళ తొట్టి పగిలి గదంతా నీళ్ళు కారితే, లోపల ఒక్క పుస్తకం కూడా తడవలేదని ప్రత్యేకంగా మనిషిని పంపి చెప్పారు. ఆ వచ్చినాయనే వాళ్ళ హెడ్మాస్టరు గురించి ఇంకో కథ చెప్పాడు, అది నీకు నోటితో చెప్పాల్సిందే, రాస్తే పోస్టాఫీసు వాళ్ళు ఊరుకోరు.

నీకు దొరికిన ఆ మనిషికి నా మాటగా చెప్పు. గూడు పూర్తయ్యాక లోపల టార్చి వెలిగించి పెట్టాలి. పైన దుప్పటి కప్పి, నువ్వు అందులోకి తల దూర్చి చుట్టూ చూడాలి. వెలుగు గీత కనబడితే వాణ్ణి పంపెయ్, ఇంకొకణ్ణి చూద్దాం.

ఇంకోటి. నేను చెప్పానని చెప్పకు, నీకే తోచినట్టు అను. ఆవిడ ఒక్కసారి "తప్పయింది అన్నయ్యా" అంటే, నేను పనిముట్ల సంచి భుజాన వేసుకుని మొదటి బస్సెక్కుతాను. కుడి చెయ్యి కొంచెం వణుకుతోంది కానీ చిత్రిక పడితే ఆగుతుంది. డెబ్బై ఆరు వచ్చాయి బావా. ఇంకో గూడు చెయ్యగలను. ఇంకో తొమ్మిదేళ్ళు అలగలేను.

నీ బావ

*

డిపో బల్ల మీద నుంచి,
ఏప్రిల్ 20.

బావకి,

ఇది ఇంట్లో కూర్చుని రాసే ఉత్తరం కాదు, అందుకే ఇక్కడికొచ్చాను. టైమ్ కీపర్ని టీకి పంపాను.

తప్పయిందని ఆవిడ అనదు. ఎందుకనదో నువ్వు తెలుసుకోవాలి. నాతో ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ్టితో తీరిపోయింది అనుకుంటాను. నువ్వు మళ్ళీ టార్చి మాట ఎత్తకపోతే ఇంకా మోసేవాణ్ణే.

నువ్వు గూడు ఇచ్చి వెళ్ళిన నాలుగో నెల ముసురు పట్టింది. పద్దెనిమిది రోజులు సూర్యుడు కనబడలేదు. కోళ్ళు తడుస్తాయని తలుపు మూసే ఉంచాం. పొద్దున్న మేత వేయడానికి తలుపు తీస్తే లోపలి నుంచి ఆవిరి ముఖానికి కొట్టేది. రెట్ట ఘాటుకి నా కళ్ళలో నీళ్ళు కారేవి. గోడల లోపలి వైపు నీటి బొట్లు నిలబడి ఉండేవి, నీ వార్నిష్ మీద ముత్యాల్లాగా. ఎంత పొడి పొట్టు వేసినా సాయంత్రానికి ముద్ద. కోళ్ళు ముందు తుమ్మాయి. తర్వాత కళ్ళు వాచి మూసుకుపోయాయి. పశువుల డాక్టర్ని పిలిచాను. ఆయన గూడులో తల పెట్టి, తీసి, "దీనికి గాలి రంధ్రం ఎక్కడ?" అన్నాడు. లేదన్నాను. "వాటి ఊపిరే వాటికి విషమైంది" అన్నాడు. అప్పటికే ఐదు పోయాయి. మూడు వారాల్లో పధ్నాలుగూ పోయాయి.

గూడుకి రంధ్రాలు కొట్టిద్దామన్నాను. వద్దంది. మనిషిని పిలిచి ముక్కలు చేయించింది. "అన్నయ్యకి ఈ మాట తెలియకూడదు" అంది. నీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక నీ కోపాన్ని తొమ్మిదేళ్ళు తన నెత్తిన పెట్టుకుందయ్యా. అది తెలుసుకో.

నీ బావ

*

షెడ్డు నుంచి,
మే 29.

బావగారికి,

మీ ఉత్తరం అందింది. జవాబుకి నెల పైన పట్టింది, ఆలోచించి రాస్తున్నాను. కొన్ని సంగతులు తేలాలి.

ఒకటి, ఆ పొట్టు ఏ చెక్కది? కొన్ని చెక్కల పొట్టు చెమ్మ పీల్చదు. ఎవరి దగ్గర తెచ్చారో రాయలేదు. రెండు, మేత నానిందేమో ఎవరైనా చూశారా? బూజు పట్టిన మేత తింటే కోడి తుమ్మదా? మూడు, తలుపు మూసి ఉంచమని నేను ఎప్పుడైనా చెప్పానా? తలుపు ఎందుకు పెడతారండీ, తీయడానికి కాదూ? నాలుగు, ఆ డాక్టరు గారు చెక్కపని ఎక్కడ నేర్చుకున్నారు? ఒక్క నిమిషం తల లోపల పెట్టి తీర్పు చెప్పేశారే. నేను పదహారు రోజులు దాని లోపలా బయటా ఉన్నాను, నాకేమీ కాలేదు.

పద్దెనిమిది రోజుల ముసురుకి ఏ గూడైనా చెమ్మెక్కుతుంది. పెట్టెలో లోపం ఉందని రుజువు చేయాలంటే పెట్టె ఉండాలి. ఆ పెట్టెని మీరు తగలేశారు. ఇప్పుడు ఎవరేం చెప్పినా వినాలి మరి నేను.

చెల్లెలికి నా మీద అంత దయ ఉంటే ఆ రోజే చెప్పాల్సింది.

ఇట్లు,
మీ బావ

*

పెరట్లో నుంచి,
జూన్ 14.

అన్నయ్యకి,

నీ చివరి ఉత్తరం టైమ్ కీపర్ నేరుగా ఇంటికే తెచ్చిచ్చాడు. ఈయన జ్వరంతో పడుకుని ఉన్నారు, అది నా చేతికొచ్చింది. పాతవి ఎక్కడ దాచారో పావుగంటలో తేలింది. ముప్పై ఏళ్ళు జనం దొంగతనాలు పట్టుకున్న మనిషికి ఏదైనా దాచడం మాత్రం రాలేదు. మొత్తం చదివాను. ఈయనకి అన్నం పెట్టాను, కంగారు పడకు.

ముందు ఈయన చెప్పిన అబద్ధం ఒకటి సరిచేస్తాను. ఆయన అబద్ధమని అనుకోలేదు, మంచి మనసుతో అలా అర్థం చేసుకున్నారు. నీ మనసు కష్టపడుతుందని నేను దాచలేదు. నీ మీద దయ చూపించాలనీ కాదు. నువ్వు ఇదిగో ఈ ఉత్తరం రాస్తావని తెలిసి దాచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పొట్టు తప్పు, మేత తప్పు, తలుపు తప్పు, డాక్టరు తప్పు. నాకు తొమ్మిదేళ్ళ కిందటే ఈ జాబితా నోటికొచ్చు. నా కళ్ళ ముందు ఒక్కొక్కటే పోయిన కోళ్ళ గురించి నీతో వాదించే ఓపిక నాకు లేదు. అందుకని నిన్ను కోపంగా వెళ్ళనిచ్చాను. కోపంగా ఉన్న అన్నయ్య, వాదించే అన్నయ్య కంటే నయమనిపించాడు.

చిన్నప్పుడు నువ్వు నాకు చేసిన పీట నన్ను కింద పడేసింది. నేను సరిగా కూర్చోలేదన్నావు. మా పెళ్ళి మంచం కిర్రుమంటే నేల వంకరన్నావు. నవ్వుకున్నాం, నవ్వుకోవాల్సినవే. ఇది అలాంటిది కాదు.

ఆ రోజు నువ్వు వచ్చావు. పొయ్యి పక్కన చెక్కలు చూశావు. "ఏమిటే ఇది?" అన్నావు. తర్వాత ఎంత అరిచావో వీధి మొత్తానికి తెలుసు. పెట్టె గురించి అరిచావు. పదహారు రోజుల పని అన్నావు, డాక్టరు గారి భార్య అన్నావు, వార్నిష్ అన్నావు. నేను నీ ముఖం వంకే చూస్తూ నిలబడ్డాను, ఒక్క మాట అడుగుతావేమోనని. పెరడు ఖాళీగా ఉంది అన్నయ్యా. ఒక్క కోడి లేదు, ఒక్క ఈక లేదు. "కోళ్ళేవే?" అని నువ్వు అడగలేదు. అడిగి ఉంటే అంతా చెప్పేసేదాన్ని, నీ ముందే ఏడ్చేదాన్ని. ఈ నాలుగు నెలల ఉత్తరాలూ రెండుసార్లు చదివాను. అందులో కూడా ఎక్కడా అడగలేదు.

ఇప్పుడు గూడు సంగతి. నీ అట్ట నేను వాడలేదు. అది నా చేతికి రాకముందే గూడు గీసుకున్నాను, ఈయనకి చెప్పలేదంతే. మాకిద్దరికీ ఈ దాపరికాలు బాగానే కుదిరాయి. పక్క సందులో గుడ్లమ్మే ఆవిడ గూడు ముందు మూడు పొద్దులు కూర్చుని చూశాను. ఈయన మాట్లాడిన మనిషి చేతే కొట్టించాను. కప్పు కింద చుట్టూ జానెడు సందు, జాలీతో. అలాంటి జాలీనే గూడు చుట్టూ నేలలోకి అడుగు లోతు పాతి, కొస బయటికి వంచాం, కుక్క తవ్వితే గోళ్ళకి ఇనుమే తగిలేలా. కర్ర కింద రేకు పళ్ళెం, పొద్దున్నే లాగి రెట్ట పారబోస్తాను, వంగక్కర్లేకుండా నా నడుమెత్తున. నీ రేకు గరాటాలూ చదును కర్రా నాకూ తట్టాయి. అవి మంచివే. మంచివి మంచివని చెప్పడానికి నాకేం అడ్డం లేదు.

చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఒక తలుపు రెండో దాని కంటే పొట్టి. వెలుగు గీతలు లెక్కపెట్టలేను. వానలు మొదలై పన్నెండు రోజులైంది, లోపల చెయ్యి పెడితే పొట్టు పొడిగా ఉంది. ఎనిమిదీ తింటున్నాయి.

నువ్వు రావద్దని అనను. రమ్మని కూడా అనలేను. తప్పయిందని మాత్రం అనను, చేసింది నేను కాదు.

నీ చెల్లెలు

*

షెడ్డు నుంచి,
జూలై 30.

చెల్లాయికి,

ఇది ఐదో కాగితం. మొదటి దాంట్లో నీ జానెడు సందుకి లెక్క కట్టాను, ఎనిమిది కోళ్ళకి ఎన్ని చదరపు అంగుళాల గాలి కావాలో. చించేశాను. రెండో దాంట్లో పొట్టి తలుపు వంకర తీయడం ఎలాగో రాశాను. అదీ చించేశాను. మూడో దాంట్లో క్షమించమని రాశాను. చదువుకుంటే చాలా బాగుంది. మా వీధి చివర టైలరుకి చదివి వినిపించాను, ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు నాకు అనుమానమొచ్చింది, అది నీకోసం రాశానా, నా అక్షరం చూసి నేను మురిసిపోవడానికి రాశానా అని. దాన్నీ పొయ్యిలో పెట్టాను. నాలుగో దాంట్లో ఏముందో చెప్పను.

నెలన్నర కూర్చుని ఆ మొదటి గూడు గుర్తు చేసుకున్నాను. తలుపు బందులకి ఇరవై రెండు మరలు వాడాను. అడుగు చెక్కలో ఎడమ వైపు ఒక ముడి ఉంది, అది బయటికి కనబడకుండా తిప్పి వేశాను. కప్పు నాలుగు పలకలు. అంతా కళ్ళకు కట్టినట్టు ఉంది.

కోళ్ళు ఒక్కటి కూడా గుర్తు లేదు. పధ్నాలుగు ఉన్నాయని బావ రాస్తే తెలిసింది. ఎర్రవా, నల్లవా, పుంజు ఉందా, నాకు తెలీదు. గూడు ఇచ్చిన రోజు నువ్వు ఒక పెట్టని చంకలో పెట్టుకుని నిలబడ్డావు. దాన్ని నువ్వు ఏదో పేరు పెట్టి పిలిచావు. నేను అప్పుడు గడియ సరిచూస్తున్నాను.

దాని పేరేమిటి? అది ఎన్నోది పోయింది?

ఇవి అడగాల్సిన రోజు అడగలేదు. నువ్వు చెప్పకపోయినా నేను అనడానికేం లేదు. చెబితే మాత్రం మధ్యలో అడ్డు రాను.

నీ అన్న